తోలు కింద మచ్చ

యూరియా చల్లి ఎనిమిది రోజులే అయింది. గడ్డి మాత్రం అప్పుడే మోకాలు దాటి ఎదిగిపోయింది. మురుగుకాలవ పక్కన ఎకరం పల్లపు చేను అది. వరి వేస్తే ఏటా మునిగిపోతోందని బుల్లబ్బాయిగారు రెండేళ్ళ కిందట దాన్ని పారాగడ్డికి వదిలేశారు. బ్యాంకు లోనుతో తెచ్చిన మూడు జెర్సీ ఆవులకీ అదే మేత.

జక్కరయ్య గట్టు మీద నిలబడి ఆ గడ్డినే చూస్తున్నాడు. అయిదు రోజులుగా ముసురు. ఎండ మొహం చూసి ఎన్నాళ్ళో అయినట్టుంది. ఎండ లేకుండా పెరిగిన గడ్డి పాలిపోయి ఉండాలి. ఇదేమో నలుపు తిరిగిన పచ్చరంగులో, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. ఒక పరక తుంపి నమిలాడు. ఏ రుచీ తెలియలేదు. ఊసేసి, నెత్తిన కప్పుకున్న ఖాళీ యూరియా సంచిని ముందుకి లాక్కున్నాడు. చేలో వేసిన రెండు బస్తాల్లో ఒకదాని సంచి అది. రెండోది పాకలో కాలు కుంటుతున్న మచ్చలావు మీద కప్పి వచ్చాడు. పాక చూరు ఆ మూల కారుతోంది.

వెనకనించి గొడుగు చప్పుడైంది. బుల్లబ్బాయిగారు బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు. పాలకేంద్రం నుంచి నేరుగా వస్తున్నట్టున్నారు, మొహం చిటపటలాడుతోంది.

"ఏరా, చూస్తూ నిలబడ్డావేంటి? ఆవుల్ని తోలు లోపలికి."

"ఇరవై రోజులదాకా దింపొద్దన్నారండి గ్రామసేవకుడుగారు."

"ఆయనకేం, సైకిలెక్కి వెళ్ళిపోతాడు. గడ్డిమేటు చూశావా? కింద నించి పైదాకా బూజు. రెండ్రోజుల్నించి తవుడు నీళ్ళ మీద ఉన్నాయి. పొద్దున్న మూడింటివీ కలిపి ఎన్ని పాలు పోశానో తెలుసా? కేంద్రంలో కుర్రాడు నవ్వేడు."

"ఆయన అరబస్తానే చల్లమన్నారు కూడానండి. మనం…"

"మనం ఎంత చల్లేమో నాకు తెలీదేంట్రా? బలంగా వస్తుందనే కదా చల్లించేను. వచ్చిందా లేదా? ఆకలేసి అవి అరుస్తుంటే పంచాంగం చూసుకుంటూ కూచోమంటావా ఇరవై రోజులూ?"

"ఆయ్," అన్నాడు జక్కరయ్య. పదేళ్ళుగా ఆ పాకలో పని చేస్తున్నాడు. ఆ ఇంట్లో ఏ మాటకైనా చివర అదే మాట.

లక్ష్మినీ గౌరినీ పలుపులు విప్పి తోలుకొచ్చాడు. కుంటిదాన్ని పాకలోనే ఉంచేశాడు. గట్టు దిగీ దిగకుండానే రెండూ తలలు దించేశాయి. నాలిక చుట్టి, పీకి, నమలకుండానే మింగుతున్నాయి. అంత ఆత్రంగా తింటుంటే అతనికీ కాస్త సంతోషం వేసింది. పశువు కడుపు నిండుతుంటే చూడటం కంటే అతనికి ఇష్టమైనది మరోటి లేదు.

గంట గడిచిందో లేదో, గౌరి తినడం ఆపేసింది. తల ఎత్తి నోరు తెరిచి నిలబడింది. డొక్కలు కొలిమితిత్తిలా ఎగసిపడుతున్నాయి. జక్కరయ్య పరిగెత్తి వెళ్ళేసరికి ముందుకాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడి కూలబడిపోయింది. పెదవి ఎత్తి చూశాడు. గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్ళు బురదరంగులో ఉన్నాయి. గొంతు నిమిరాడు, చెవులు నులిమాడు, "లే తల్లీ, లే" అన్నాడు. అది అతని ఒళ్ళోనే కాళ్ళు తన్నుకుంది. అరిచి మనుషుల్ని పిలిచేలోగా అవతల గట్టు దగ్గర లక్ష్మి కూడా పడిపోయింది.

అరగంటలో గట్టంతా జనం. బుల్లబ్బాయిగారు గొడుగు మూసేసి, తడుస్తూ, బురదలోనే చతికిలపడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు నిజమైనవే. ఆవులంటే ఆయనకి ప్రేమ లేదని ఎవరూ అనలేరు.

పక్కవీధిలో ఉండే ఆయన బావగారు రామ్మూర్తి మాత్రం కూర్చోలేదు. రెండు కళేబరాల చుట్టూ తిరిగి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"రెండావులకి ఒకేసారి ఒకే రోగం గంటలో ఎలా వస్తుంది బావా? ఇది సూది."

"సూదేంటి?"

"మా తాతల నాటినించీ ఉన్నదే. విషం పూసిన ముల్లు పశువు తోలు కింద గుచ్చి వదిలేస్తారు. బయటికి ఏమీ కనపడదు. పశువు చచ్చాక తోలు వాళ్ళకీ, మాంసం వాళ్ళకీ." అని జక్కరయ్య వంక చూశాడు. "కార్తీకమాసంలో గోహత్య. ఊరికే అరిష్టం."

"బాబుగారూ, నేనండి, నేను గుచ్చడవేంటండి!" అన్నాడు జక్కరయ్య. ఒడిలో గౌరి నోటి నురగ ఇంకా ఆరలేదు.

"నీ పేరు నేను చెప్పేనా? గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!"

అందరూ బుల్లబ్బాయిగారి వైపు చూశారు. గడ్డి సంగతి, బస్తాల సంగతి, ఇరవై రోజుల సంగతి జక్కరయ్య కాక తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయన జక్కరయ్యని చూశారు, గడ్డిని చూశారు, చూపు దించేసుకున్నారు.

"నువ్వొక్కడివే కదరా దగ్గరున్నావ్," అన్నారు.

పశువుల డాక్టరు మీటింగుకని అమలాపురం వెళ్ళాడు, రేపు గాని రాడు. మునసబుగారు వచ్చి, చీకటి పడేలోగా సంగతి తేలకపోతే రాజోలు స్టేషనుకి కబురు పంపక తప్పదన్నారు. మరి కళేబరాలు?

"తీసుకెళ్ళమనండి పేటవాళ్ళని," అన్నాడు రామ్మూర్తి. "చూద్దాం."

జక్కరయ్యకి ఆ 'చూద్దాం' అర్థమైంది. తీసుకెళ్తే, అందుకే చంపేరంటారు. తీసుకెళ్ళకపోతే, విషం సంగతి తెలుసు కాబట్టే ముట్టుకోలేదంటారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

పేటవాళ్ళు చచ్చిన పశువుని ముట్టుకుని పదకొండేళ్ళయింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసే అన్నాడు రామ్మూర్తి.

* * *

జక్కరయ్య ఇల్లు చేరేసరికి సంగతి అతనికంటే ముందే చేరింది. అరుగు మీద సాలమోను పంతులుగారు కూర్చుని ఉన్నారు. మిషను బడిలో పంతులు, ప్రార్థనగుడిలో పెద్ద. లోపల నులకమంచం మీద జక్కరయ్య తండ్రి అప్పన్న. బాప్తిస్మంలో అబ్రహాము అని పేరు పెట్టినా ఎవరూ అలా పిలవరు, పిలిచినా ముసలాయన పలకడు.

"నానా, సూది గుచ్చితే ఎలా తెలుస్తాది?" అని అడిగాడు జక్కరయ్య, కాళ్ళైనా కడుక్కోకుండా.

ముసలాయన లేచి కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆయన్ని ఎవరైనా ఏమైనా అడిగి చాలాకాలం అయింది.

"తోలు తీస్తే తెలుస్తాది. ముల్లు దిగిన కాడ తోలు కింద అరచెయ్యంత మచ్చ ఉంటాది, వాచి, నీరు పట్టి. దాచినా దాగదు. మచ్చ లేకపోతే సూది కాదు. గన్నేరాకు పెట్టుంటే కడుపులో ఆకు ఉంటాది."

"డాక్టరుగారు రేపొస్తారంట."

"రేపటికేం కనపడద్దిరా? ఉబ్బిపోయి, నల్లబడిపోయి, ఏది మచ్చో ఏది కుళ్ళో ఆ దేవుడిక్కూడా తెలీదు. చూస్తే ఇప్పుడే చూడాలి."

గుమ్మంలోంచి పంతులుగారు అందుకున్నారు. "జక్కరయ్యా, ఆ పని చెయ్యకు. కేసు పెడితే పెట్టనీ. అమలాపురంలో లాయరుని చూద్దాం. చచ్చిన పశువుని ఇక ముట్టుకోబోమని బైబిలు మీద చెయ్యేసి మాటిచ్చినవాళ్ళలో నువ్వు మొదటివాడివి, గుర్తుందా?"

గుర్తు లేకపోవడమేమిటి? ఆ ఏడు ఊరివాళ్ళు కోతలకి పేటలో ఎవరినీ పిలవలేదు. గట్ల మీద గడ్డి కోసుకోనివ్వలేదు. పంతులుగారి ఇంట్లో గంజి కాచి అందరికీ పోశారు. అయినా పేట మాట తప్పలేదు. చివరికి ఊరే దిగొచ్చి, చచ్చిన పశువుల్ని పాతించుకోవడం నేర్చుకుంది.

"లాయరు వచ్చేదాకా నేనెక్కడుంటానండి పంతులుగారూ?"

 పంతులుగారు మంచి మనిషి. అబద్ధం చెప్పడం ఆయనకి రాదు.

పొయ్యి దగ్గర నించి మార్తమ్మ లేచి వచ్చింది. చేతులు చీరచెంగుకి తుడుచుకుంది.

"వెళ్ళయ్యా. కోసి చూపించు. మనం ఏది చేసినా దేవుడు చూస్తాడు, ఎందుకు చేశామో ఆయనకి తెలుసు. స్టేషన్లో వాళ్ళకి తెలీదు." తర్వాత పంతులుగారి వైపు తిరిగి, "తప్పైతే ఆదివారం నాడు నన్నూ నిలబెట్టండి, ఆయన పక్కన," అంది.

కత్తి చూరులో ఉంది, గోనెగుడ్డలో చుట్టి. జక్కరయ్య గుడ్డ విప్పాడు. పదకొండేళ్ళుగా వాడని కత్తికి ఎక్కడా తుప్పు లేదు. ఎవరు నూనె రాస్తున్నారో అడగక్కర్లేదు. ముసలాయన అటు తిరిగి చేతికర్ర వెతుక్కుంటున్నాడు.

* * *

ముసురు కాస్త తెరిపి ఇచ్చింది. జనం గాలికి ఎదురుగా కాకుండా అవతలి గట్టు మీద చేరారు. కొందరు ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకున్నారు. చావు వాసన ఇంకా రానేలేదు, అయినా కట్టుకున్నారు.

అప్పన్నని ఒక కొబ్బరిదుంగ మీద కూర్చోబెట్టాడు జక్కరయ్య. ముసలాయన చేతులు వణుకుతాయి, కత్తి పట్టలేడు. కళ్ళు మాత్రం దగ్గరికి వస్తే చూస్తాయి.

"గంగడోలు కింద నించి మొదలెట్టు. నిటారుగా పొట్ట మీదికి. లోతు వద్దు, తోలు వరకే."

గౌరి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు జక్కరయ్య. పొద్దున్న తను పొదుగు కడిగిన ఆవు. పాలు పితికేటప్పుడు తోక విసిరి మొహాన కొట్టే అలవాటు దానికి. కళ్ళు మూయడానికి చూశాడు, మూతపడలేదు. పశువుల కళ్ళు మూతపడవని అతనికి తెలుసు, అయినా చూశాడు.

మొదటి గాటు వంకరగా వచ్చింది. రెండోది తిన్నగా వచ్చింది. ఆ తర్వాత అతను ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఎడంచేత్తో తోలు అంచు పట్టి లాగుతూ, కుడి పిడికిలి తోలుకీ కండకీ మధ్య దూర్చి నొక్కుతూ పోతే, బట్ట చింపుతున్నట్టు సన్నని చప్పుడుతో తోలు ఊడి వస్తోంది. కత్తి అంటుకున్నచోట మాత్రమే తాకిస్తున్నాడు. చిన్నప్పుడు తండ్రి వెనక నిలబడి చూసిందే, ఒకటి రెండుసార్లు కాళ్ళ దగ్గర తోలు తీసిందే. అంతకుమించి నేర్చుకున్నది లేదు. చెయ్యి మాత్రం ఏదీ మర్చిపోలేదు. అతనికి భయమేసింది అందుకే.

"భుజం కాడ చూడు. తొడల లోపల చూడు. తోక మొదట్లో చూడు. అక్కడే గుచ్చుతారు," అంటున్నాడు అప్పన్న.

తోలు పూర్తిగా తిరగేసి పరిచాడు. లోపలివైపు తెల్లగా, కాస్త నీలం జీరతో, ఉతికిన పంచెలా ఉంది. ఎక్కడా మచ్చ లేదు.

"రండి బాబుగారూ. రామ్మూర్తి బాబుగారూ, మీరే వచ్చి చూడండి."

రామ్మూర్తి రాలేదు. మునసబుగారు వచ్చారు. పంచె ఎత్తి పట్టుకుని, వంగి, మెడ దగ్గర్నించి తోక దాకా చూశారు. "ఏమీ లేదయ్యా," అని గట్టిగా చెప్పారు.

అప్పుడు ఆవు మెడ నరం కోశాడు జక్కరయ్య. కోసిన చోట బయటికి వచ్చిన రక్తం చూసి జక్కరయ్య చెయ్యి ఆగిపోయింది. ఎరుపు కాదు. చికోరీ ఎక్కువైన కాఫీ డికాషన్ రంగు. చేతి మీద పడితే మట్టినీళ్ళలా ఉంది.

"నానా, ఇదేటి?"

ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి, ముక్కు దాదాపు ఆనించి చూశాడు. వేలితో తాకాడు.

"అరవై ఏళ్ళలో ఇలాటి నెత్తురు నేను చూళ్ళేదురా. గన్నేరుక్కాదు. పాముక్కాదు. దేనికీ కాదు."

కడుపు తీసి చూపించారు. నిండా పారాగడ్డే. నమలని పరకలు, నలుపు తిరిగిన పచ్చరంగులో. మరో ఆకు లేదు. గట్టు మీద నించి జనం మెడలు సాచి చూశారు. బుల్లబ్బాయిగారు ఆ గడ్డి వంక మిగతావాళ్ళకంటే ఎక్కువసేపు చూశారు.

"సూది కాదు. స్టేషనుకి కబురక్కర్లేదు," అన్నారు మునసబుగారు. "రేపు డాక్టరు వచ్చి ఏమంటాడో విందాం."

రామ్మూర్తి, "నేను జరగొచ్చన్నాను గాని జరిగిందన్నానా?" అనుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండు ఆవులకీ గొయ్యి జక్కరయ్యే తవ్వాడు, ఇంకో ఇద్దరు సాయం పట్టారు. తోలు తీసుకుంటావేంట్రా అని బుల్లబ్బాయిగారు మెల్లిగా అడిగారు. జక్కరయ్య తల అడ్డంగా ఊపి, దాన్ని మడిచి ఆవు మీదే కప్పి మట్టి తోశాడు. ఒక్క చిల్లు లేకుండా దిగిన తోలు అది. అప్పన్న దాని మీద మట్టి పడుతున్నంతసేపూ చూసి, మొహం తిప్పుకున్నాడు.

కాలవలో మూడుసార్లు మునిగాడు జక్కరయ్య. గోళ్ళ మూలల్లో ఆ గోధుమరంగు మాత్రం పోలేదు.

* * *

మర్నాడు పదింటికి డాక్టర్ ఉమామహేశ్వరరావుగారు మోటారుసైకిలు మీద వచ్చారు. సన్నగా, చురుగ్గా ఉంటారు. ఉద్యోగానికి కొత్త. పాకలో కుంటి ఆవు చిగుళ్ళు చూశారు. అది చేలోకి దిగలేదు కాబట్టి బాగానే ఉంది. తర్వాత చేలోకి వెళ్ళి ఒక గుప్పెడు గడ్డి పీకి, కాడలు విరిచి చూశారు. పాకకి తిరిగొచ్చి, రక్తం ఏ రంగులో ఉందో మునసబుగారినీ, జక్కరయ్యనీ విడివిడిగా అడిగారు.

"కాఫీరంగే కదా? నిజంగా మీరు చూసింది అదే కదా?" అని రెట్టించారు. ఆయన మొహంలో సంతోషం లాంటిది కనపడింది. చదువుకున్నది కళ్ళ ముందుకి వస్తే కుర్రవాళ్ళకి అలాగే ఉంటుంది. "యూరియా సారమంతా గడ్డి కాడల్లో నిలవ ఉండిపోయింది. ఎండ ఉంటే మొక్క దాన్ని అరిగించుకునేది. ముసురు కదా, అరగలేదు. ఆకలితో ఉన్న పశువు ఆబగా మేస్తే అది రక్తంలో కలిసి ఊపిరి అందనివ్వదు. గంటలో పోతుంది. ఎన్ని బస్తాలు వేశారండీ ఎకరానికి?"

 కుంటి ఆవు తవుడు నాకుతున్న చప్పుడొక్కటే.

"అరబస్తా చల్లమన్నానండి నేను," అన్నారు బుల్లబ్బాయిగారు. "ఎంత చల్లమన్నానో అంతే చల్లేడో, చెయ్యి జారి ఎక్కువ పడిందో. చదువులేనివాళ్ళు, ఎంతని చూస్తాం. దింపింది కూడా తొందరపడి దింపేసేడు పాపం, ఆకలితో ఉన్నాయని." అని జక్కరయ్య భుజం మీద చెయ్యి వేశారు. ఇన్నేళ్ళలో ఆయన అతన్ని తాకడం అదే మొదటిసారి. "పొరపాటేలెండి. వీడు కావాలని చేసేవాడు కాదు. మా పాకలో మనిషి."

 నిన్న చీకటి పడేవరకూ జక్కరయ్య ప్రాణం గుప్పిట్లో పట్టుకుని ఎదురుచూసిన మాట అది, వీడు కావాలని చేసేవాడు కాదని. ఈ మనిషి నోట్లోంచే వచ్చింది. ఎలా వచ్చింది! కాదండీ, మీరే చల్లించేరండీ, మీరే తోలమన్నారండీ అంటే? సూది మాట మళ్ళీ లేవడానికి ఎంతసేపు? వద్దనుకున్నా బతకాల్సింది ఈ పాకలోనే.

"అంతేనా?" అన్నారు డాక్టరుగారు అతని వైపు తిరిగి.

"ఆయ్," అన్నాడు జక్కరయ్య.

డాక్టరుగారి చూపు పాకలో తిరిగింది. మచ్చలావు మీద కప్పిన యూరియా సంచి మీద ఒక క్షణం ఆగింది. గుంజకి తగిలించి ఆరబెట్టిన రెండో సంచి మీద ఇంకో క్షణం ఆగింది. రెండూ కొత్తవే, రెండూ ఖాళీవే. ఆయన అడగబోయి, ఊరుకుని, కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఊళ్ళో ఉద్యోగం చెయ్యాల్సినవాడు.

వెళ్ళబోతూ మోటారుసైకిలు దగ్గర ఆగారు. తప్పు దిద్దుకోవాలని అనిపించిందేమో, అందరూ వినేట్టు మెచ్చుకున్నారు.

"నిన్న ఇతను కొయ్యకపోతే ఈ రంగు మనకి కనపడేదే కాదండీ. కొన్ని గంటల్లో పోతుంది. మునసబుగారు చెప్పేరు, తోలుకి ఒక్క చిల్లు పడలేదట! మా ఆస్పత్రి తాలూకు మనిషి లేక ఎక్కడికక్కడ పోస్టుమార్టాలు ఆగిపోతున్నాయి నాకు. ఇంత పనితనం ఊళ్ళో పెట్టుకుని ఎవరూ చెప్పరేంటండీ?"

జనం జక్కరయ్య వైపు చూశారు. ఆ చూపు నిన్నటి చూపులా లేదు, చాలా మర్యాదగా ఉంది. అయినా అతను గోధుమరంగు పోని గోళ్ళని పిడికిళ్ళలో దాచుకున్నాడు.

* * *

ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఎప్పుడూ జక్కరయ్యే. ఈసారి అతను వెనక చాప మీద కూర్చున్నాడు. పంతులుగారు సైగ చేశారు, అతను కదల్లేదు. పళ్ళెం ఇంకొకరు పట్టారు. ఆరాధన అయ్యాక పంతులుగారు గుమ్మం దగ్గర అతని చెయ్యి పట్టుకున్నారు.

"నిన్నెవరం ఏమీ అనలేదు కదా జక్కరయ్యా. పేట మీదికి మచ్చ రాకుండా చేసేవు."

"అనలేదండి," అన్నాడు. అని ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. నిలబెట్టి అడిగి ఉంటే తప్పు ఒప్పుకునేవాడు, దాంతో అయిపోయేది.

సోమవారం పొద్దున్న పాకలో పేడ తీస్తుంటే బుల్లబ్బాయిగారు వచ్చారు. ముసురు పోయి ఎండ కాస్తోంది. ఆయన మొహం కూడా తేటపడింది.

"ఆ గడ్డి కోసి పారేసి, కొత్తగా చిగురెయ్యనీ. ఈసారి అరబస్తానే. ఇరవై రోజులు అయితే గాని దింపేది లేదు."

"ఆయ్."

"ఆఁ, మరోటి. రాత్రి మా బావ ఎద్దు పోయింది. డాక్టరుగారికి కబురెళితే కోయించి ఉంచమన్నాడట, వచ్చి చూస్తాడట. నిన్ను పంపుతానని మాటిచ్చేను."

జక్కరయ్య పార కిందపెట్టాడు. 

"మేమూ ఒక మాటిచ్చుకున్నాం కదండీ బాబుగారూ. పేటలో."

"అది మొన్న నువ్వే తెంపేవు కదరా," అన్నారు బుల్లబ్బాయిగారు.

ఆ మాట కోపంగా అనలేదు, వెటకారంగానూ అనలేదు. ఉన్న సంగతి గుర్తుచేసినట్టు అన్నారు. 

"అది నా మీదికి వచ్చింది గనకండి. నా పేరు నిలబెట్టుకుందామని కోసేను. పనిగా కొయ్యలేదండి."

"ఇప్పుడు మాత్రం ఎవరు పనిగా కొయ్యమన్నారు? డాక్టరుగారి కోసం." ఆయన గొంతు తగ్గించారు. "చూడు, మా బావ నోరు నీకు తెలుసు కదా. మా ఆవులు పోతే ఒక గంటలో వచ్చి కోసేవు. ఆయన ఎద్దు పోతే రానన్నావనుకో, ఎందుకు రానన్నాడో అని మొదలెడతాడు. ఆ ఎద్దు ఎలా పోయిందో ఎవరికి తెలుసు? ఎందుకొచ్చిన గొడవ, వెళ్ళి రా. ఇక్కడ పేడ నేను తీయిస్తాలే."

కుంటి ఆవు మెడ సాచి అతని భుజం నాకింది. జక్కరయ్య దాని మొహం పక్కకి తోశాడు. ఎప్పుడూ అలా తొయ్యడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కమని మెడ పట్టి తోసినవాళ్ళకి ఆ సామెత ఎవరూ చెప్పరు.

కాలవగట్టు మీద నడుస్తూ ఒకచోట ఆగిపోయాడు. ఎడంవైపు తిరిగితే పంతులుగారి బడి. ఎక్కాలు వల్లిస్తున్న గొంతులు వినపడుతున్నాయి. వెళ్ళి చెప్పుకోవచ్చు. పంతులుగారు వెళ్ళొద్దంటారు, లాయరంటారు. చెప్పినంతసేపూ నిజమే అనిపిస్తుంది. సాయంత్రానికి రామ్మూర్తి నోరు ఊరంతా తిరిగొస్తుంది. కుడివైపు తిరిగాడు.

ఇంటి దగ్గర మార్తమ్మ కల్లాపి చల్లుతోంది. అతన్ని ఆ వేళప్పుడు చూసి చెంబు పట్టుకునే నిలబడిపోయింది.  అరుగు మీంచి వస్తున్న చప్పుడు వినమన్నట్టు తల అటు తిప్పింది.

సర్, సర్ మని రాయి మీద కత్తి నూరుతున్న చప్పుడు.

అప్పన్న స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని, తడి తల దువ్వుకుని ఉన్నాడు. రాయి రెండు పాదాల మధ్య పెట్టుకుని, నీళ్ళు చిలకరిస్తూ నూరుతున్నాడు. కత్తి రాయిని తాకుతున్నంతసేపూ చేతుల వణుకు కనపడటం లేదు. ఇన్నేళ్ళలో ముసలాయన మొహం ఇంత తేటగా జక్కరయ్య చూసింది లేదు.

"ఎద్దటగా?" అన్నాడు. "రామ్మూర్తిగారి బండెద్దు. నేనూ వస్తాను. ఇలా కూచో, ఆవు లాంటిది కాదు అది."

జక్కరయ్య కూర్చున్నాడు. కత్తి లాక్కుని కాలవలో పారేద్దామనుకుంటూనే కూర్చున్నాడు. అది పారేస్తే ఈ ముసలాయన మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. పారేసినా ఊళ్ళో కత్తులు బోలెడున్నాయి.

మార్తమ్మ చెంబు కిందపెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"ఎద్దుకి కాడి మోసి మోసి మెడకాడ తోలు బండబారిపోద్ది," అంటున్నాడు అప్పన్న. "ఆవుకి పోయినట్టు సర్రున పోదు కత్తి. కొత్తోళ్ళు అక్కడే తోలు చెడగొడతారు." చెయ్యి చాపి కొడుకు మెడ మీద పెట్టాడు. వేళ్ళతో తడుముకుంటూ, కావిడి మోసి మోసి కాయ కాసిన చోటు దాకా వచ్చి ఆపాడు. "ఇదిగో, ఇక్కడ. ఇక్కడ తొందర పడకూడదు. తెలిసిందా?"

"ఆయ్," అన్నాడు జక్కరయ్య. తండ్రితో ఎప్పుడూ అలా అనేవాడు కాదు.